మంచము యొద్దకు వెళ్లిన పరిచర్య

కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొనివచ్చి, ఇంటి కప్పు విప్పి, ప్రభువు ఎదుట దించిరి. ఈ సంగతిపై ప్రసంగములు మనమందరము విన్నవే. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములోని ఐనెయను గూర్చి మాత్రము తక్కువగా వినుచుందుము. ఎనిమిదేండ్లుగా మంచము పట్టియున్న అతనిని ఎవరైనను మోసికొనివచ్చినట్లు అక్కడ వ్రాయబడలేదు. పేతురే లుద్దకు వెళ్లి అతనిని చూచెను. మోసేవారు లేని రోగి యొద్దకు పరిచర్యయే నడచి వెళ్లవలెనన్న ఈ మాదిరి వైద్య చరిత్రలో ఎట్లు కొనసాగినదో ఈ శతాబ్ది సంచికలో క్లుప్తముగా తెలుపగోరుచున్నాము.

1859లో ఇంగ్లండు దేశపు లివర్‌పూల్ నగరమున విలియం రాత్‌బోన్ అను వర్తకుడు, మరణశయ్యపైనున్న తన భార్య కొరకు మేరీ రాబిన్సన్ అను నర్సును ఇంటికి పిలిపించెను. భార్య గతించిన పిమ్మట, ధనికులమైన మాకే ఈ సహాయము ఇంత అవసరమైనప్పుడు బీదల గతి ఏమని తలంచి, ఆ నర్సునే బీదల ఇండ్లకు పంపెను. ఇంటింటికి వెళ్లు నర్సుల సేవకు అది నాంది.

1894లో లండనులో నలుగురు నర్సులు కలిసి, మర్దన చికిత్సలో శిక్షణ పొందిన స్త్రీల సంఘమును స్థాపించిరి. బ్రిటనులో నేటి ఫిజియోథెరపీ వృత్తికి మూలము ఆ సంఘమే. ఆ నలుగురిలో ఒకరైన రోజలిండ్ పేజెట్, రాత్‌బోన్ గారి మేనకోడలు. బీదల ఇండ్లకు నర్సులను పంపుచుండిన విక్టోరియా రాణి జూబిలీ సంస్థలోను ఆమె పనిచేసెను. కనుక ఇంటి వద్ద పరిచర్యకు, ఈ వైద్యమునకు బంధుత్వము మొదటినుండియు ఉన్నదే.

మన దేశమునకు వచ్చినచో, మన చిత్తూరు సీమకు పొరుగుననున్న వెల్లూరును తలచుకొనక తప్పదు. అక్కడ డాక్టర్ ఐడా స్కడర్ ఆస్పత్రి దాటి, రోడ్డు ప్రక్కన చెట్లనీడను పల్లె రోగులను చూచుట ఆరంభించిరి. అదే ఆస్పత్రిలోని డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో మోటారు ప్రమాదమున వెన్నెముక దెబ్బతిని, రెండు కాళ్ల స్వాధీనమును కోల్పోయిరి. అయినను చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి. తరువాత అమెరికాలో శిక్షణ పొంది తిరిగివచ్చి, తమవంటి వారిని మరల జీవితములో నిలబెట్టు విభాగమునకు నాయకత్వము వహించిరి. 1966లో అక్కడ పునరావాస కేంద్రము వెలసినది.

ఈ వైద్యము ఇంటివద్దనే ఎందుకు? పక్షవాతము వచ్చి వారాల తరబడి కదలక పడియున్నవారికి కీళ్లు బిగియును, వీపున పుండ్లు పడును, రొమ్మున కఫము చేరును. వారిని ఆటోలో ఎక్కించి పట్టణమునకు తీసికొనిపోవుటకు ఇద్దరు మనుష్యులు, ఒక రోజు కూలి కావలెను. రెండు మూడు వారములకే ఆ ప్రయాణము మానివేసిన కుటుంబములను మేమెరుగుదుము. ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు మంచము ఎత్తు, గడప ఎత్తు, దొడ్డికి పోవు దారి చూచును. ఆ ఇంటిలోనే లేచుట, కూర్చుండుట నేర్పును. పడిపోయిన చేతిని పట్టుకొని లాగి లేపరాదని, కొన్ని గంటలకొకసారి ప్రక్కకు ఒత్తిగిలజేయవలెనని కోడలికి, కుమారునికి చూపించును. రోజంతయు దగ్గరనుండువారు వారే గదా.

2010-11లో ఆరంభమైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమములో మంచముపట్టిన వృద్ధులను ఇంటివద్ద దర్శించుట చేర్చబడినది. 2021 నాటి చట్టము ఫిజియోథెరపీ వంటి వృత్తులకు జాతీయ కమిషన్‌ను ఏర్పరచినది. అయితే చట్టము వ్రాసినంత మాత్రమున ప్రతి గడపకు మనిషి వచ్చునని అనుకొనరాదు.

ప్రియ సంఘస్థులారా, మంచముపట్టిన మన సభ్యులకు ప్రభు భోజన సంస్కారమును ఇంటికి తీసికొనివెళ్లుచున్నాము. ప్రార్థించి, తిరిగి వచ్చుచున్నాము. ఆ ప్రార్థన మంచిదే. కాని "ఇక లేవరు" అని మనమే తీర్మానించి వచ్చుచున్నామేమో ఆలోచింపవలెను. ప్రతి పాస్టరేటు తన పరిధిలో గడప దాటలేనివారి జాబితా వ్రాయవలెను. ఈ విద్య చదివిన బిడ్డలు మన సంఘములలో ఉన్నచో, డాక్టరు సలహాపై, వారానికొక పూట ఆ ఇండ్లకు వెళ్లునట్లు ఏర్పాటు చేసి, వారి దారి ఖర్చులు సంఘము భరింపవలెను. స్త్రీల మైత్రి సభ్యులు రోగిని త్రిప్పి పరుండబెట్టు విధమును వారివద్ద నేర్చుకొనవచ్చును.

గడచిన నూరేండ్లలో గుడులు, బడులు, ఆస్పత్రులు కట్టి, ప్రజలను రమ్మని పిలిచితిమి. రాలేనివారి యొద్దకు వెళ్లుట రెండవ నూరేండ్ల పనులలో మొదటిది కావలెనని మా మనవి.