గ్రంథసూచి కథ: చీటీల నుంచి జొటేరో దాకా

రచయిత పేరు, సంవత్సరం బ్రాకెట్లో వేసి మూలాన్ని చూపే పద్ధతికి తొలి ఉదాహరణగా హార్వర్డ్ జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ 1881లో ప్రచురించిన వ్యాసాన్ని చెబుతారు. ఆ తర్వాత ఒక్కో పత్రిక ఒక్కో పద్ధతి పెట్టుకుంది. ఒకచోట ఇంటిపేరు ముందు, మరోచోట పొడి అక్షరాలు ముందు. ఒకచోట సంవత్సరం పేరు పక్కనే, ఇంకోచోట చిట్టచివర. పరిశోధకులు వివరాలన్నీ చీటీల మీద రాసి దాచుకునేవారు. ఒక పత్రిక వ్యాసాన్ని తిప్పి పంపితే, మరోదానికి పంపే ముందు జాబితా మొత్తం మళ్లీ టైపు కొట్టాల్సిందే. పుస్తకం వివరాలూ, అవి పేజీ మీద కనిపించే తీరూ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండటమే ఈ చాకిరీకి మూలం. ఆ రెంటినీ విడదీయడమే సైటేషన్ సాఫ్ట్‌వేర్ చరిత్రలో అసలైన ఆవిష్కరణ. మిగతావన్నీ దాని కొనసాగింపులే.

ఆ పని 1970ల చివర్లో ఊపందుకుంది. బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్ రాసిన రెఫర్ ప్రోగ్రాం వివరాలను విడి ఫైల్లో ఉంచి, వ్యాసంలో కావాల్సినచోట అమర్చేది. కార్నెగీ మెలన్‌లో బ్రయన్ రీడ్ తయారుచేసిన స్క్రైబ్ కూడా ఇదే దారి పట్టింది. మరోపక్క, తన పుస్తకం కొత్త ముద్రణ ప్రూఫుల్లో అక్షరాల వికారం చూసి సహించలేక డోనాల్డ్ క్నూత్ 1977లో స్టాన్‌ఫర్డ్‌లో టెక్ అనే అక్షరకూర్పు ప్రోగ్రాం మొదలుపెట్టాడు. దాని మీద లెస్లీ లాంపోర్ట్ లేటెక్ నిర్మించాడు. స్క్రైబ్ ఆలోచనలను అందిపుచ్చుకుని ఓరెన్ పటాష్నిక్ 1985లో బిబ్‌టెక్ చేర్చాడు. ఇందులో ప్రతి పుస్తకానికీ ఒక పద్దు: రచయిత, శీర్షిక, ప్రచురణకర్త, సంవత్సరం. వ్యాసంలో ఆ పద్దుకు పెట్టుకున్న గుర్తు రాస్తే చాలు. స్టైల్ ఫైలు పేరు మారిస్తే జాబితా అంతా కొత్త పద్ధతిలోకి మారుతుంది. పద్దు లేని గుర్తు వాడితే ఆ చోట ప్రశ్నార్థకం పడి తప్పు బయటపడుతుంది.

రూపం విడిపోయాక దానికీ ఒక విలువ ఏర్పడింది. 2006లో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం నుంచి ఉచితంగా వచ్చిన గ్రంథసూచి సాఫ్ట్‌వేర్ జొటేరో వాడే స్టైల్ ఫైళ్ల విషయమై, అలాంటిదే అయిన ఎండ్‌నోట్‌కు అప్పటి యజమాని థామ్సన్ రాయిటర్స్ 2008లో ఆ విశ్వవిద్యాలయం మీద దావా వేసింది. మరుసటి ఏడు కోర్టు దాన్ని కొట్టేసింది. కామాలూ చుక్కలూ ఎక్కడ పెట్టాలో చెప్పే ఫైళ్ల కోసం ఒక పెద్ద కంపెనీ కోర్టుకెక్కిందంటే వాటి విలువ ఎంతో ఊహించుకోవచ్చు.

లేటెక్ అందరికీ అలవడదు, వర్డ్‌లో రాసేవారి మాటేమిటని అడగవచ్చు. జొటేరో వర్డ్‌లోనూ పనిచేస్తుంది. వివరాలనూ రూపాన్నీ విడదీసే సూత్రం లేటెక్ సొత్తు కాదు. నెట్ నుంచి దించుకున్న వివరాల్లో తప్పులుంటాయన్నది బలమైన అభ్యంతరమే. మన పేర్ల దగ్గర ఈ చిక్కు మరీ ఎక్కువ. వెల్చేరు నారాయణరావు పేరును ఇంగ్లిషులో మూడు ముక్కలుగా, కామా లేకుండా రాస్తే బిబ్‌టెక్ చివరి ‘రావు’నే ఇంటిపేరు అనుకుంటుంది. ‘నారాయణరావు’ తర్వాత కామా పెట్టి ‘వెల్చేరు’ రాస్తే పేరు సరైన చోట చేరుతుంది. అయితే చేత్తో రాసిన జాబితాలో ఇలాంటి తప్పును ప్రతి అధ్యాయంలో వెతికి దిద్దుకోవాలి. ఇక్కడ ఒక్క పద్దు దిద్దితే అన్నిచోట్లా సరవుతుంది. పుస్తకం లోపలి పేజీతో పోల్చి చూసే బాధ్యత మాత్రం ఎప్పటికీ రాసేవారిదే.

అందుకే పరిశోధక విద్యార్థులు సిద్ధాంత గ్రంథం ముగింపు దాకా ఆగకుండా, చదివిన మొదటి పుస్తకంతోనే పద్దులు మొదలుపెట్టాలి. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా, ఏ యంత్రంలోనైనా తెరుచుకునే మామూలు టెక్స్ట్ ఫైలుగా ఒక ప్రతి తమ దగ్గర ఉంచుకోవాలి. సాఫ్ట్‌వేర్లు మారుతుంటాయి, పద్దులు మాత్రం చదివినవారి సొంతం.