రంగములో తాతల అడుగుజాడలు

గోదావరి, విశాఖ, శ్రీకాకుళ మండలములలో “తాత రంగము పోయినాడు” అను మాట వినని పల్లె అరుదు. ఆ రంగము బర్మాలోని రంగూను నగరము. 1989 నుండి దాని అధికారనామము యాంగోన్. 1755లో అలౌంగ్‌ఫయా రాజు పెట్టిన ఈ పేరునకు కలహాంతమని అర్థము. తెలుగున రంగమనగా యుద్ధభూమి. మనవారి పాలికి తెలుగు అర్థమే ఎక్కువగా చెల్లినది.

సముద్రమునకు సుమారు 20 మైళ్ల ఎగువన, నదీతీరమున నున్న ఈ రేవును ఆంగ్లేయులు 1852లో గైకొనిరి. ఐరావతీ డెల్టాలో వరిసాగు పెరిగెను. 1869లో సూయెజ్ కాలువ తెరచుటతో ఐరోపాకు బియ్యము పంపు త్రోవ దగ్గరయ్యెను. ధాన్యపు మిల్లులకును, ఓడలకు బస్తాలు మోయుటకును మనుషులు కావలసివచ్చిరి. మనవారు పొగయోడల డెక్కుపై కూర్చుండి తరలిరి. అచ్చటివారు వీరిని కోరంగీలనిరి. అది కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరు. 1839 తుపానున ఆ రేవు చెడినను, పేరు సముద్రము దాటి నిలిచెను.

తాత జాడ వెదకుచు నేడు అచ్చటికి పోవు మనుమనికి వీధుల పేర్లే మొదటి చిక్కు. డల్హౌసీ వీధి మహాబండూలా వీధియైనది. ఫ్రేజరు వీధి అనోరథా వీధియైనది. సూలే పగోడాయు, ష్వేడగోన్ బంగారు శిఖరమును మాత్రము తాత చూచినవే. కాగితములలో వెదకుదమన్న, కూలి మేస్త్రీ వద్ద బయానా పుచ్చుకొని వచ్చినవాడు. ముఠా లెక్కలో ఒక అంకె. పల్లెలెక్కల తీరెరిగినవారికి ఇది వింత కాదు. పట్టాదారు పేరు దొరకును, పాలేరు పేరు దొరకదు.

కావున అతడు నదియొడ్డునకే పోవలెను. 1930 మేనెలలో ఆ రేవున తెలుగు కూలీలు కూలి పెంపునకై సమ్మె కట్టిరి. వారి స్థానమున బర్మీయులను పెట్టుకొనిరి. సమ్మె ముగిసి మనవారు మరలిరాగా బర్మీయులు పని కోల్పోయిరి. మే 26న రేగిన కొట్లాట నగరమెల్ల వ్యాపించి అనేకులను పొట్టబెట్టుకొనెను. బర్మీయులను నిందించి ఊరకుండుట న్యాయము కాదు. ఒక్క బస్తాకై ఇద్దరు పేదలను ఎదురెదురుగ నిలిపినవారు వేరు.

1931 జనాభా లెక్కలలో ఆ నగరమున సగమునకు పైగా భారతీయులే. 1941 డిసెంబరు 23న జపానువారి బాంబులు పడిన పిదప వేలకొలది జనము అరకాను, మణిపురము కొండదారులు పట్టిరి, త్రోవలోనే కూలినవారెందరో. మిగిలినవారిలో అనేకులు 1960 దశకములో వర్తకము ప్రభుత్వపరమైన వెనుక తిరిగివచ్చిరి. విశాఖపట్నపు బర్మా క్యాంపు పేరు ఆ రాకను నేటికిని తెలుపుచున్నది.

రంగమునుండి ఉత్తరములు ఆగినది 1930లోనా, 1942లోనా అని ఇంటి ముసలివారిని ముందుగ అడిగి పోయినవాడు, రేవున నిలువవలెనో కొండదారి పట్టవలెనో తెలిసికొనును.