ఓసియాండర్ ముందుమాట: లెక్కా, వాస్తవమా?

1543లో న్యూరెంబర్గ్ పట్టణంలో ముద్రితమైన కోపర్నికస్ గ్రంథం తెరవగానే సంతకం లేని ఒక ముందుమాట కనబడుతుంది. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందనే ప్రతిపాదన నిజం కానక్కరలేదు, నిజమని తోచనైనా అక్కరలేదు, గ్రహాల స్థానాలకు లెక్క సరిపోతే చాలునని దాని సారాంశం. అది కోపర్నికస్ వ్రాసింది కాదు. ముద్రణను పర్యవేక్షించిన లూథరన్ బోధకుడు ఆండ్రియాస్ ఓసియాండర్ వ్రాశాడు. కోపర్నికస్ ఆ ఏడాది మే 24న కన్నుమూశాడు. ఆయన మిత్రుడైన బిషప్ గీసే మండిపడినా ఫలితం లేకపోయింది.

ఓసియాండర్‌ను పిరికివాడని కొట్టివేయడం న్యాయం కాదు. గణితజ్ఞుని పని లెక్క కట్టడం, సత్యం తేల్చడం తత్వవేత్త పని అనే విభజన అప్పటికే పాతది. పైగా 1541లోనే ఆయన ఈ సలహాను కోపర్నికస్‌కు ఉత్తరం ద్వారా తెలియజేశాడు. వేదాంతుల కోపం చల్లార్చాలన్నదే ఉద్దేశం. ఆయన తప్పు, పరుల గ్రంథంలో పేరు దాచుకొని మాట్లాడడం. “అది వట్టి సిద్ధాంతమే” అని వేదిక మీదనుండి శాస్త్రాన్ని మనమూ తోసివేస్తుంటాం. నేనూ ఆ మాట అన్నవాడినే.

ముందుమాటలో ఆయన చూపిన నిదర్శనం గమనించదగినది. పెద్ద వృత్తం మీద తిరిగే చిన్న వృత్తంలో శుక్రుడు సంచరిస్తాడన్న పాత లెక్క నిజమైతే, ఆ గ్రహం దగ్గరకు వచ్చినప్పుడు దాని వ్యాసం నాలుగు రెట్లకు మించి పెద్దదిగా కనబడాలి. ఏ కాలంలోనూ అలా కనబడలేదు గనుక లెక్క వేరు, వాస్తవం వేరు అని ఆయన వాదం. అయితే 1610లో గెలీలియో దూరదర్శిని గుండా చూడగా శుక్రుడు చంద్రునివలె కళలు మార్చుతూ నిజంగానే పెరుగుతూ తరుగుతూ కనబడ్డాడు. ఆ తేడా సుమారు ఆరు రెట్లు. లోపం లెక్కలో లేదు, కంటిలో ఉంది. అలాగని పాత లెక్క అంతా నిజమని కాదు. ఆ కళలు టాలమీ పద్ధతికి పొసగవు.

ఇంతకంటే వింత మరొకటి. 1550లో కోనిగ్స్‌బర్గ్‌లో నీతిమంతునిగా తీర్చబడుటను గూర్చి వాదిస్తూ ఇదే ఓసియాండర్, దేవుడు పాపిని నీతిమంతుడని ఊరక ఎంచడు, క్రీస్తు దైవ నీతి అతనిలో వాస్తవంగా నివసించాలి అని పట్టుబట్టాడు. కాల్విన్ 1559లో దీనిని ఖండించాడు. ఆకాశం విషయంలో ఎంచుట చాలునన్నవాడు రక్షణ విషయంలో చాలదన్నాడు!

ఆ ముందుమాట రచయిత ఎవరో 1609లో అచ్చులో బయటపెట్టినవాడు కెప్లర్. ఆయన ట్యూబింగెన్‌లో వేదాంతం చదివిన లూథరన్. తాను కట్టిన అంగారక కక్ష్య లెక్కకూ టైకో బ్రాహే పరిశీలనలకూ మధ్య 8 నిమిషాల కోణం తేడా వచ్చింది. పూర్ణచంద్రుని వెడల్పులో అది పావు వంతుకు కాస్త ఎక్కువ. పంచాంగం వేసుకోవడానికైతే దాన్ని చూసీ చూడనట్లు వదిలేయవచ్చు. కెప్లర్ వదలలేదు. ఏళ్ల తరబడి చేసిన లెక్కను పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. గ్రహం నడిచేది వృత్తంలో కాదు, దీర్ఘవృత్తంలో అని ఆ గ్రంథంలోనే తేల్చాడు.