రంగు కాదు, ఫ్రేము చూడండి

సెప్టెంబరు వచ్చిందంటే ఇటలీలో సరస్సు ఒడ్డునున్న మా మందెల్లో ఊరి వీధుల్లో మోటో గుత్సీ మోటార్ సైకిళ్ళే. స్టేషన్ దగ్గర్నుంచి వియా పరోదిలోని ఫ్యాక్టరీ ఎర్ర గేటు దాకా కాలు పెట్టే సందుండదు. ఏటా ఆ గుంపులో ఏదో ఒక వీ7 స్పోర్ట్ చుట్టూ జనం మూగుతారు. "ఇది తెలాయో రోస్సో, ఎర్ర ఫ్రేము బండి" అంటాడు సొంతదారు. మొన్నా అదే జరిగింది. ఫ్రేము ఎర్రగా ఉన్నమాట నిజమే. కానీ ఫ్రేము మీద కొట్టిన నంబరు చూస్తే, ఎర్ర ఫ్రేముల మొదటి విడత అయిపోయాక చాలాకాలానికి వచ్చిన బండి.

లెక్కో పాలిటెక్నిక్‌లో చదువుకోవడానికి వచ్చి ఈ సరస్సు ఒడ్డునే ఉండిపోయిన తెలుగువాణ్ణి. ఊరి సంగతి నీకెందుకని అడిగేవాళ్ళున్నారు. ఇల్లు కట్టుకున్న ఊరి మంచిచెడ్డలు పట్టించుకోకపోతే ఎలా?

గుత్సీ తమదేనని జెనోవా వాళ్ళు రాసుకుంటారు. 1921 మార్చి 15న కంపెనీ దస్తావేజు అక్కడ రాయించిన మాట, పెట్టుబడి పెట్టిన పరోది కుటుంబం డబ్బు అక్కడిదన్న మాట ఒప్పుకుంటాను. దస్తావేజు పుట్టింది జెనోవాలో. బండి పుట్టింది మా ఊరి రిపమోంతి కొలిమిలో. దాని మీద ఇంక వాదన అనవసరం.

ఎర్ర ఫ్రేము గొడవ వేరు. 1967లో అమ్మకానికొచ్చిన 703 సీసీ వీ7 ఫ్రేము గొట్టాలు వంపు తిరిగి ఇంజన్ని చుట్టుకుంటాయి. దాని డైనమో ఇంజన్ నెత్తిన, రెండు సిలిండర్ల మధ్య కూర్చుంటుంది. అందుకే ట్యాంకు అంత ఎత్తుకు పోయింది. గుత్సీ ఇంజినీరు లీనో తోంతి ఆ డైనమోను తీసేసి, క్రాంక్ షాఫ్ట్ ముందు కొసకు ఆల్టర్నేటర్ బిగించాడు. నెత్తిన చోటు ఖాళీ అయింది. ఆ ఖాళీలోంచి గొట్టాల్ని స్టీరింగ్ తల దగ్గర్నుంచి వెనక్కి దాదాపు తిన్నగా లాగాడు. కింది గొట్టాలు బోల్టులు విప్పితే ఊడొస్తాయి, ఇంజన్ కిందికి దిగిపోతుంది. పోటీల 750 తరగతిలో పట్టేలా ఇంజన్ 748 సీసీ అయింది. 1971 నాటి వీ7 స్పోర్ట్ అంటే ఇదీ.

తోంతి గొప్పంతా ఫ్రేములోనే ఉందని రాసినవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఆల్టర్నేటర్ ముందు కొసకు రాకపోతే ఆ గొట్టాలు ఎక్కడ పట్టేవి? కాబట్టి పాత బండి ఎదురైతే ముందు ఇంజన్ మొహం చూడండి. అక్కడ గుండ్రటి మూత ఉండి, సిలిండర్ల మధ్య ఖాళీ ఉంటే తోంతి ఫ్రేము. నెత్తిన డైనమో ఉంటే వంపు ఫ్రేము. ట్యాంకు మార్చొచ్చు, హ్యాండిల్ మార్చొచ్చు, దీన్ని మార్చలేరు. తర్వాత వచ్చిన లె మాన్ మోడల్‌లోనూ, ఈ శతాబ్దం తొలి ఏళ్ళ కాలిఫోర్నియా మోడల్‌లోనూ ఉన్నది తోంతి ఫ్రేమే.

వీ7 స్పోర్ట్ మొదటి విడతను మాత్రం ఫ్యాక్టరీ ప్రయోగ విభాగంలో చేత్తో కట్టారు. ఫ్రేముకు క్రోమ్ మాలిబ్డినం ఉక్కు వాడి ఎర్ర రంగు వేశారు, ట్యాంకుకు నిమ్మపచ్చ. తర్వాత వచ్చినవి నల్ల ఫ్రేములు. రంగు డబ్బాతో నలుపును ఎరుపు చెయ్యొచ్చు, ఉక్కును మార్చలేరు కదా! మొదటి విడత నూటయాభై అని కొందరు, రెండు వందలు దాటాయని కొందరు. ఒకరి పుస్తకం చూసి మరొకరు రాసినవాళ్ళే ఎక్కువ. ఆ విభాగంలో చెయ్యి కాలినవాళ్ళని అడిగి రాసినవాళ్ళు తక్కువ. నా కోపమంతా అక్కడే. తోంతి పేరు అందరికీ తెలుసు. ఆ గొట్టాలు అతికినవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

మా ఊరి తోన్‌జానికో పేటలోనో, సరస్సు ఒడ్డు ఇళ్ళలోనో, ఏ అటక మీదో ఆ విభాగం తాలూకు నోటు పుస్తకమో, నంబర్లు రాసుకున్న కాగితమో ఉంటే పాత కాగితాలవాడికి వెయ్యకండి. తాతల ఫోటో వెనక నాలుగు పేర్లున్నా చాలు. కబురు చెయ్యండి, నేనే వచ్చి రాసుకుంటాను.