ఆరేళ్ళ గడప: వాడలోని ప్రత్యేక అవసరాల పసిబిడ్డలూ, బడి చరిత్రా

దళితుల చదువు చరిత్రను మనం ఇప్పటిదాకా ఒకటో తరగతి నుంచే రాసుకుంటూ వచ్చాం. బడి బయట కూర్చోబెట్టిన పిల్లలు, మిషన్ బడులు, రాత్రి బడులు, హాస్టళ్ళు, రిజర్వేషన్లు - మనం చెప్పుకునే ఘట్టాలన్నీ నడవగలిగిన, మాట్లాడగలిగిన, పలక పట్టుకోగలిగిన పిల్లల చుట్టూ తిరిగాయి. అదే వాడలో, అదే ఇంట్లో, నాలుగేళ్ళొచ్చినా మాట రాని బిడ్డ, నిలబడలేని బిడ్డ, చెవి వినపడని బిడ్డ, బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్న బిడ్డ కూడా పుట్టారు. వాళ్ళు బడి మానేసిన వాళ్ళ లెక్కలో కూడా లేరు. చేరితే గదా మానేయడానికి!

ఈ వ్యాసంలో మేము పుట్టుకకూ ఒకటో తరగతికీ మధ్యనున్న ఆరేళ్ళ గురించే మాట్లాడదలచుకున్నాం. ఈ ఆరేళ్ళలో ఇట్లాంటి బిడ్డ దాటాల్సిన గడపలు రెండు. ఒకటి ఇంటి నుంచి అంగన్‌వాడీకి. రెండోది అంగన్‌వాడీ నుంచి ఒకటో తరగతికి. ప్రతి గడప దగ్గరా బిడ్డను ఒక చేతి నుంచి ఇంకో చేతికి జాగ్రత్తగా అందించాలి. ఆ అందించే పనిని రాజ్యం చాలాకాలం పాటు ఎవరికీ అప్పగించలేదు. అదంతా కూలికి పోయే తల్లి నెత్తిన పడింది. ఇది యాదృచ్ఛికంగా జరిగింది కాదనీ, చట్టం గీసిన ఆరేళ్ళ గీతా, కులం గీసిన ఊరూ-వాడా గీతా ఈ గడపల దగ్గరే కలిశాయనీ మా వాదన.

ముంగిలి ఎవరిది?

వాడ దగ్గరికే బడి రావాలన్న ఆలోచన పాతదే. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి ఈసామియా బజారు, లింగంపల్లి వంటి చోట్ల దళిత పిల్లల కోసం బడులు తెరిచారు. ఇప్పటి మహారాష్ట్రలోని బోర్డిలో 1945లో తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ పసిపిల్లల బడి మొదలుపెట్టారు. అట్టడుగు కులాల పిల్లలు, ఆదివాసీ పిల్లలు బడిదాకా రాలేకపోతే బడే వాళ్ళ ముంగిట్లోకి పోవాలన్నది అక్కడ తేలిన విషయం. 'అంగన్' అంటే ముంగిలి. అంగన్‌వాడీ అన్న మాటలో ఉన్నది ఆ ముంగిలే.

1975 అక్టోబరు 2న దేశవ్యాప్తంగా 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైంది. పేరు ముంగిలిదే గానీ, ఎవరి ముంగిలి అన్న ప్రశ్న తేలలేదు. కేంద్రం ఊళ్ళో ఉంటే వాడ పిల్లలకు దూరం, వాడలో ఉంటే ఊరి పిల్లలు రారు. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ప్రతి నివాసానికీ అంగన్‌వాడీ ఉండాలని ఆదేశించింది. 2004లోనూ, 2006 డిసెంబరు 13నాటి ఉత్తర్వులోనూ దళిత, ఆదివాసీ నివాసాలకే ముందు ఇవ్వాలని మళ్ళీ చెప్పాల్సొచ్చింది. పథకం పుట్టి పాతికేళ్ళు దాటాక కూడా కోర్టు ఆ మాట చెప్పాల్సొచ్చిందంటే, అప్పటిదాకా ఏం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు.

నడిచే బిడ్డకు అర కిలోమీటరు దూరం దూరమే కాదు. నిలబడలేని అయిదేళ్ళ బిడ్డను చంకనెత్తుకుని, ఊరి నడివీధిలోంచి రోజూ రెండుసార్లు తీసుకుపోయి తీసుకురావాల్సిన తల్లికి అది సగం కూలి.

రెండు శాఖల నడుమ

మామూలు బడుల్లోనే వికలాంగ పిల్లలకు చోటివ్వాలని 1964-66 నాటి కొఠారీ కమిషన్ చెప్పింది. 1974లో వికలాంగ పిల్లల సమీకృత విద్యా పథకం వచ్చింది. అది మొదట సాంఘిక సంక్షేమం కింద నడిచి, 1982లో విద్యాశాఖకు మారింది. మరుసటేడు వచ్చిన అంగన్‌వాడీ పథకం స్త్రీ శిశు సంక్షేమం కిందికి చేరింది. అంగన్‌వాడీకి ఆరు సేవలు అప్పగించారు: అదనపు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, పై ఆస్పత్రికి పంపడం, బడికి ముందు చదువు, తల్లులకు పోషకాహారం - ఆరోగ్యం గురించి చెప్పడం. ఈ ఆరింటిలో ప్రత్యేక అవసరాలున్న బిడ్డకు ప్రత్యేకించి దక్కింది 'పై ఆస్పత్రికి పంపడం' ఒక్కటే.

అంటే బిడ్డ అయిదేళ్ళ దాకా ఒక శాఖ మనిషి, ఆ తర్వాత ఇంకో శాఖ మనిషి. సమీకృత విద్యా పథకంలోకి తర్వాత్తర్వాత బడికి ముందు శిక్షణ, తల్లిదండ్రులకు సలహా అన్న మాటలు చేరాయి. అయినా ఒక శాఖ రికార్డు ఇంకో శాఖ గడప తొక్కడమన్నది అలవాటు కాలేదు. 1984లో సికింద్రాబాదులోనే మానసిక వికలాంగుల జాతీయ సంస్థ వెలిసింది. బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్న పిల్లలకు ఎట్లా నేర్పాలన్న జ్ఞానం నగరంలో పోగవుతూ వచ్చింది. ఆ జ్ఞానానికీ వాడలోని అంగన్‌వాడీ టీచరుకూ నడుమ ఎంతో దూరం.

'ఆరు' ఎట్లా వచ్చింది?

1948 నవంబరు 23న రాజ్యాంగ సభలో ఉచిత నిర్బంధ విద్య మీద చర్చ జరిగింది. దాన్ని ప్రాథమిక విద్యకే కుదించాలన్న సవరణను అంబేడ్కర్ ఒప్పుకోలేదు. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదని మనమే రాసుకున్నప్పుడు, ఆ వయసు దాకా వాళ్ళు బడిలో ఉండాలి గదా అన్నది ఆయన తర్కం. అట్లా 45వ అధికరణం పద్నాలుగేళ్ళు నిండేదాకా పిల్లలందరి గురించీ మాట్లాడింది. కింది వయసు ఎక్కడా రాయలేదు. మూడేళ్ళ బిడ్డ కూడా ఆ 'అందరి'లో ఉంది. గడువు పదేళ్ళు. అంటే 1960కల్లా పూర్తి కావాలి.

1993లో ఉన్నికృష్ణన్ కేసులో, అందులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే, పద్నాలుగేళ్ళ దాకా చదువు ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అక్కడా కింది వయసు లేదు. 2002లో 86వ రాజ్యాంగ సవరణ వచ్చి ఆ హక్కును '6 నుంచి 14' చేసింది. ఆరేళ్ళలోపు పిల్లల్ని మళ్ళీ ఆదేశిక సూత్రాల్లోకి నెట్టింది. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ మూడేళ్ళు దాటిన పిల్లలకు ప్రభుత్వం ఏర్పాట్లు 'చేయవచ్చు' అని ఊరుకుంది. చేసి తీరాలి అనలేదు.

వికలాంగుల చట్టాల్లోనూ ఇదే కథ. 1995 చట్టం ప్రతి వికలాంగ బిడ్డకూ పద్దెనిమిదేళ్ళు నిండేదాకా ఉచిత విద్య అన్నది. కింది వయసు లేదు. 2016 చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. అది మంచిదే. కానీ ఉచిత విద్య హక్కును '6 నుంచి 18' అని రాసింది. ఒకే అంకె రెండు చట్టాల్లోకీ అట్లా చొరబడింది. మెదడు వేగంగా ఎదిగే వయసులో, చేయూత అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే వయసులో, ఈ బిడ్డకు చదువు హక్కుగా లేదు. ఉన్నోళ్ళు డబ్బుపెట్టి ఫిజియోథెరపీ, మాటల శిక్షణ కొనుక్కుంటారు. లేనోళ్ళకు ఆరేళ్ళు వచ్చేదాకా ఎదురుచూపే.

ముట్టుకోకుండా సాకలేం

2011 జనాభా లెక్కల్లో వికలాంగుల శాతం షెడ్యూల్డు కులాల్లో 2.45. షెడ్యూల్డు కులాలూ తెగలూ కాని వాళ్ళలో 2.18. ఈ తేడా గాల్లోంచి రాలేదు. నెలలు నిండేదాకా కూలికి పోవడం, రక్తహీనత, కాన్పు దగ్గర ఆలస్యం, పుట్టగానే బిడ్డకు ఊపిరి అందకపోవడం, ముదిరిన పచ్చకామెర్లకు వేళకు వైద్యం దొరకకపోవడం - ఇవన్నీ బిడ్డ ఒంటి మీదా మెదడు మీదా గుర్తులు వదిలిపోగలవు.

బ్రాహ్మణీయ ధర్మం మాత్రం దీనికి వేరే కారణం చెప్పింది. తక్కువ కులంలో పుట్టడానికి ఏ పూర్వజన్మ పాపాన్ని చూపించిందో, కుంటితనానికీ, గుడ్డితనానికీ అదే పాపాన్ని చూపించింది. ఈ బిడ్డ మీద పడ్డవి రెండు కర్మలు. కులం పేరుతో పిలిచే ఊరు ఈ బిడ్డను ఇంకో పేరుతో కూడా పిలుస్తుంది: కుంటోడు, మూగది, పిచ్చోడు. తల్లి పెట్టుకున్న పేరు ఇంట్లోనే ఉండిపోతుంది.

ఇంకో సంగతి ఉంది. ఈ బిడ్డను ముట్టుకోకుండా సాకలేం. అన్నం మెత్తగా కలిపి నోట్లో పెట్టాలి. మూతి తుడవాలి. ఎత్తి కూర్చోబెట్టాలి. ఒంటికీ రెంటికీ తీసుకుపోయి కడగాలి. ముట్టుకోవడమే మైల అయిన చోట ఈ పనులు ఎవరు చేస్తారు? అంటరానితనం చట్టం ప్రకారం పోయింది. కానీ 'మాట వచ్చాక తీసుకురా', 'ఒంటికి చెప్పడం నేర్చుకున్నాక చూద్దాం' అని గడప దగ్గరే ఆపేసే మాటల్లో వికలాంగం ఎంత, కులం ఎంత అన్నది విడదీసి చూపించడం కష్టం. ఆ కష్టమే వివక్షకు రక్షణ.

జూన్ నెలలో ఏమవుతుంది?

మంచి టీచరు దొరికిన చోట బిడ్డ నిలదొక్కుకుంటుంది. తన చాప ఏదో, తన పళ్ళెం ఏదో గుర్తుపడుతుంది. పాట మొదలవగానే చేతులు ఊపుతుంది. పెద్ద శబ్దానికి బెదురుతుందనీ, సైగ చేస్తే అర్థమవుతుందనీ, పని మారేముందు చెబితే ఏడవదనీ టీచరుకూ ఆయాకూ తెలుస్తుంది. రెండేళ్ళ శ్రమతో వచ్చిన జ్ఞానం అది.

జూన్‌లో ఆ జ్ఞానమంతా అంగన్‌వాడీలోనే ఉండిపోతుంది. బిడ్డ కొత్త బడికి పోతుంది. అక్కడ రెండు మూడు తరగతులకు ఒక్కరే పంతులు. బిడ్డతో వచ్చేది ఆధార్ కార్డూ, ఉంటే సదరం సర్టిఫికెట్టూ. సర్టిఫికెట్‌లో వైకల్యం ఎంత శాతమో ఉంటుంది. 40 శాతం దాటితే చాలా పథకాలకు అర్హత. బిడ్డకు ఏమొచ్చో, ఎట్లా చెబితే నేర్చుకుంటుందో ఆ కాగితం చెప్పదు. పదిరోజులు ఏడ్చిన బిడ్డను పదకొండో రోజు ఇంట్లో ఉంచేస్తారు. చూసుకోవడానికి అక్క బడి మానేస్తుంది. ఒక బిడ్డ గడప దాటకపోతే ఇద్దరు బిడ్డల చదువు పోతుంది.

సర్వశిక్షా అభియాన్ కాలంలో మండలాల్లో భవిత కేంద్రాలు వచ్చాయి. ప్రత్యేక శిక్షణ పొందిన రిసోర్సు టీచర్లు వచ్చారు. 2012లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి, తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువుకునే హక్కు ఇచ్చారు. అందరూ పొద్దున్నే కూలికి పోయి, తలుపు గొళ్ళెం పెట్టే ఒంటిగది ఇంట్లో 'ఇంటి దగ్గర చదువు' అంటే ఏమిటో ఆలోచించాలి. యునెస్కో 2019 నివేదిక ప్రకారం దేశంలో అయిదేళ్ళ వికలాంగ పిల్లల్లో నాలుగింట మూడు వంతుల మంది ఏ విద్యాసంస్థకూ పోవడం లేదు.

మన ఉద్యమాల్లో ఈ బిడ్డ ఎక్కడ?

తెలుగు నేల మీద దళిత ఉద్యమం వికలాంగుల ప్రశ్నను పట్టించుకోలేదని అనలేం. 1994లో పుట్టిన మాదిగ దండోరా నాయకత్వమే 2004లో గుండెజబ్బు పిల్లల ఆపరేషన్ల కోసం ఉద్యమించింది. ఆ తర్వాత వికలాంగుల హక్కుల పోరాట సమితిని నిర్మించి, పింఛన్ల పెంపును రాజకీయ ప్రశ్న చేసింది. ఇది చిన్న విషయం కాదు. అయితే పింఛనూ, ఉద్యోగాల్లో వాటా ముందుకొచ్చినంతగా ఆరేళ్ళలోపు బిడ్డ చదువు ముందుకు రాలేదు. అటు వికలాంగుల సంఘాలు కులం గురించి మాట్లాడ్డానికి వెనకాడాయి. ఇటు మనం కులం గురించి మాట్లాడుతూ ఒంటి గురించి మర్చిపోయాం.

ఇప్పుడు కాగితాల మీద గడప కొంచెం తగ్గింది. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో పిల్లల్ని పరీక్షించి, జిల్లా స్థాయిలో చికిత్సకు పంపాలి. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ళను ఒకే దశగా చూసింది. 2023 నవంబరులో కేంద్రం వికలాంగ పిల్లల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్ విడుదల చేసింది. వీటిలో ఏదీ 'ఆరు' అన్న అంకెను చట్టంలోంచి తీసేయలేదు.

కాబట్టి పని మనదే. టీచర్లు ఏప్రిల్‌లోనే, బడి మూసేముందే, అంగన్‌వాడీ టీచరునూ తల్లినీ ఒకచోట కూర్చోబెట్టి, బిడ్డకు ఏమొచ్చో, ఏమి కావాలో ఒక పేజీలో తెలుగులో రాయించుకోవాలి. బిడ్డను నాలుగు రోజులు ముందే కొత్త బడికి తెచ్చి కూర్చోబెట్టాలి. కార్యకర్తలు ఈ పిల్లల రవాణాకూ, ఆయాకూ అయ్యే ఖర్చును 2013 ఉపప్రణాళిక చట్టం కింద, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద అడగాలి. తల్లి పోగొట్టుకునే కూలి కూడా ఆ లెక్కలోకి రావాలి. విద్యార్థులు తమ వాడల్లో తల్లుల, నాయనమ్మల, బడి మానేసిన అక్కల మాటల్ని రాసిపెట్టాలి. ఈ చరిత్రకు ఇంతవరకూ ఉన్న రికార్డు వాళ్ళ జ్ఞాపకమే.

అన్నిటికన్నా ముందు, బిడ్డ పేరు మూడో ఏటనే హాజరుపట్టీలో ఎక్కాలి. ఊరు పెట్టిన పేరు కాదు, తల్లి పెట్టిన పేరు.