పావగడ ఎండకు కౌలు

పావగడ తాలూకాకు మూడు దిక్కులా ఆంధ్రప్రదేశే. పేరుకు కర్ణాటక, రాయచెర్లు లాంటి ఊళ్లలో వినిపించేది మాత్రం తెలుగు. ఇరవై ఏళ్ల కిందట ఇక్కడ భద్రత అంటే పోలీసు క్యాంపే. 2005 ఫిబ్రవరిలో ఇదే తాలూకాలోని వెంకటమ్మనహళ్లిలో, బడిలో మకాం వేసిన రిజర్వు పోలీసుల మీద నక్సలైట్లు రాత్రిపూట దాడి చేశారు. పలువురు పోలీసులు చనిపోయారు.

కానీ ఊరి భయాలు వేరు. వాన రాదు. బోరు వేస్తే ఫ్లోరైడ్ నీళ్లు. చెనక్కాయ ఎండిపోతే బెంగళూరు బస్సెక్కాలి. ఏ తుపాకీ తీర్చగలదు వీటిని?

ఈ ప్రశ్న ప్రపంచానికీ కొత్తది కాదు. 1973లో అరబ్ దేశాలు చమురు సరఫరా బిగించగానే, సైన్యాలున్న సంపన్న దేశాలే పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. మరుసటి ఏడాదే అంతర్జాతీయ ఇంధన సంస్థ పుట్టింది. 1994లో ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి నివేదిక ఇంకో అడుగు వేసింది: సరిహద్దులకే కాదు, మనిషి తిండికీ పనికీ ఆరోగ్యానికీ భద్రత కావాలంది. దాని వెనకున్న మహబూబ్ ఉల్ హక్ పాకిస్తాన్ మాజీ ఆర్థిక మంత్రి. మన రెండు దేశాల రక్షణ బడ్జెట్లు చూస్తే ఆ మాట ఎవరి చెవికీ ఎక్కినట్టు లేదు!

పావగడకు మాత్రం దారి తెరుచుకుంది. 2015 మార్చిలో కేంద్ర, రాష్ట్ర సంస్థలు కలిసి కర్ణాటక సోలార్ విద్యుత్ అభివృద్ధి సంస్థను పెట్టాయి. తిరుమణి, వల్లూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు: ఈ ఐదూళ్లలో సోలార్ పార్కు కోసం దాదాపు 13,000 ఎకరాలు ఎంచుకున్నారు. తెలివంతా ఇక్కడే ఉంది. భూమిని కొనలేదు, లాక్కోలేదు. 28 ఏళ్లకు కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. కరువుకు అలవాటుపడ్డ రైతుకు వానతో పనిలేని రాబడి అది. 2018 మార్చి 1న పార్కు మొదలైంది, 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది.

ఆ ఎండ బొగ్గును మిగిల్చింది, సరే. కానీ దేశంలో సోలార్ పలకలు ఎక్కువగా చైనా నుంచే వచ్చేవి. చమురు కోసం గల్ఫ్ వైపు చూసినట్టే, పలకల కోసం ఇంకో వైపు చూడాల్సి వచ్చింది. 2022 ఏప్రిల్లో కేంద్రం వాటిపై 40 శాతం దిగుమతి సుంకం వేసింది అందుకే.

ఇక ఊళ్లో కౌలు అందింది పట్టా ఉన్నవాళ్లకు. కలుపు తీసి, చెనక్కాయ పీకి బతికిన కూలీలకు ఆ చేలే లేకుండా పోయాయి. గొర్రెల మేత బీళ్లు కంచె లోపలికి పోయాయి. కొందరికి పలకలు కడిగే పనో, గడ్డి కోసే పనో, గేటు దగ్గర కాపలా పనో దొరికింది, అంతే. కూలీకి వాటా రాయని ఒప్పందం సగం భద్రతే. పార్కును ఇంకా విస్తరిస్తామంటున్నారు కాబట్టి, కొత్త కౌలు పత్రాల్లోనైనా భూమిలేని ఇంటికి ఏటా ఇంత అని రాయాలి.