అమెరికా పిండి, పంతులుగారి బడి

1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి వచ్చి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని ప్రారంభించారు. అప్పటికి చుట్టుపక్కల రాళ్లూ రప్పలూ తుప్పలే ఎక్కువ. ఆ రోజుల్లో అక్కడ కొలువులో చేరిన పాతికేళ్ల కుర్రాళ్లకి ఇప్పుడు యాభై దాటాయి. కొందరు అమెరికా కంపెనీల హైదరాబాద్ ఆఫీసుల్లో పెద్ద కుర్చీల్లో ఉన్నారు. పల్లెబళ్లలో చదివొచ్చిన వాళ్లని భోజనాల దగ్గర కాస్త కదిపి చూడండి. ‘మా బళ్లో పచ్చగా ఉప్మా పెట్టేవాళ్లండీ, ఆ రుచి మళ్లీ ఎక్కడా తగల్లేదు’ అని మొదలుపెడతారు. ఇవాళ జీతమిస్తున్న దేశమే ఆనాడు ఆ ఉప్మా కూడా పెట్టిందని చాలామందికి తట్టదు.

అది కేర్ ఉప్మా. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, తిండికి అల్లాడుతున్న యూరప్‌కి ఆహారం పెట్టెలు పంపడానికి 1945లో అమెరికాలో పుట్టిన సంస్థ కేర్. మన దేశానికి 1950లో వచ్చింది. 1954 జులైలో ఐసెన్‌హోవర్ సంతకంతో పీఎల్ 480 చట్టం వచ్చాక, అక్కడి గిడ్డంగుల్లో పేరుకుపోయిన గోధుమలకీ మొక్కజొన్నకీ పాలపొడికీ దారి దొరికింది. ఇందులో దయ ఎంతో, సొంత రైతుకి ధర నిలబెట్టుకునే లెక్క కూడా అంతే. 1965, 66 సంవత్సరాల్లో వరసగా వానలు ముఖం చాటేసినప్పుడు అధ్యక్షుడు జాన్సన్ గోధుమ ఓడల్ని పట్టిపట్టి వదిలాడు. వియత్నాం విషయంలో ఢిల్లీ అన్న మాటలు ఆయనకి గిట్టలేదు మరి. పెద్దవాళ్ల రాజకీయం అలా సాగుతుండగానే 1966లో పిల్లల కోసం ఓ కొత్త పిండి తయారైంది. మొక్కజొన్న, సోయా, పాలపొడి కలిపి, విటమిన్లూ ఖనిజాలూ చేర్చినది. ఆ మూడింటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని సీఎస్ఎం అన్నారు. మన బళ్లలో అంత పేరెవరు పలుకుతారు? ‘కేర్ పిండి’ అంటే సరిపోయేది.

ఆయా మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద గుండిగ పెట్టి, డబ్బాలోంచి నూనె వంపి, ఆవాలూ ఎండుమిర్చీ వేసేది. ఆ చిటపటతో ఎక్కాలు గాడి తప్పేవి. ఎసరు మరిగాక పిండి పోసి కలిపితే ఉండలు కట్టేది, అడుగంటేది. ఆ మాడు చెక్క కోసం కొట్లాటలు. కొన్నిచోట్ల బెల్లం వేసి జావలా కాచేవాళ్లు. పాలపొడిది ఇంకో కథ. వేణ్ణీళ్లలో కలిపిచ్చిన పాలకన్నా, ఆయా కన్నుగప్పి నోట్లో వేసుకున్న పొడి పదింతలు రుచి. అంగిలికి బంకలా అతుక్కుని, పంతులుగారు ప్రశ్న అడిగితే నోరు పెగిలేది కాదు.

నూనె డబ్బా మీద రెండు చేతులు కలిసిన గుర్తు, అమెరికా జెండా చారలు, ఇది అమెరికా ప్రజలిచ్చిందనీ అమ్మకూడదు, మారకం చేయకూడదనీ ఇంగ్లీషులో రాత. ఆ రాత చదవగలిగిన వాళ్లు ఊళ్లో కొద్దిమందే. నూనె అయిపోయిన డబ్బా పైకప్పు కోసి, అడ్డంగా కర్ర బిగిస్తే బావి దగ్గర బొక్కెనైపోయేది.

ఊళ్లో కాస్త కలిగినవాళ్ల వంటింటి డబ్బా వేరు. పసుపు రేకు మీద పచ్చటి తాటిచెట్టులాంటి బొమ్మ. డాల్డా! దాదా అనే కంపెనీ దిగుమతి చేసే గట్టి కొవ్వు పేరులో లీవర్ వాళ్లు తమ ‘ఎల్’ ఇరికించి 1937లో తెచ్చిన సరుకు. నూనెలోకి నికెల్ సాయంతో హైడ్రోజన్ ఎక్కిస్తే నెయ్యిలా పేరుకుంటుంది. నెయ్యిలో కల్తీకి ఇంతకన్నా అనువైనది ఇంకేముంది? 1950ల్లో దీన్ని నిషేధించాలని గోల రేగితే నెహ్రూ ప్రభుత్వం దేశమంతా అభిప్రాయం సేకరించింది, ఎటూ తేలలేదు. ‘పెళ్లికి డాల్డా లడ్డూలు చేయించారమ్మా’ అని మూతి విరిచిన తరం వెళ్లిపోయింది. ఆ లడ్డూ కొరికితే నాలుక మీద మైనంలా నిలిచే పొరని తలుచుకుని ఇప్పుడు వాళ్ల మనవలు మురిసిపోతున్నారు. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తీశాక నూనె పాకెట్లదే రాజ్యమైంది. 2003లో లీవర్ ఆ పేరుని బంజీ కంపెనీకి అమ్మేసింది. 2022 నుంచి నూనెలూ వనస్పతుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ రెండు శాతం మించకూడదన్న నిబంధన వచ్చింది. అంటే ఆనాటి డాల్డా ఇక అలాగే ఉండదు. నన్నడిగితే, పోతే పోనీ.

పాలపొడికి మనకీ ఓ డబ్బా ఉండేది. యూనిసెఫ్ సాయంతో మొదలైన పాల పథకంలో భాగంగా 1969లో విజయవాడలో ఫ్యాక్టరీ వచ్చింది. విజయ పేరుతో పసిపిల్లల పాలపొడి, విజయస్ప్రే, అమ్మింది ప్రభుత్వమే. తల్లిపాలకి పోటీగా డబ్బాపాలని ప్రచారం చేయకూడదని 1992లో చట్టం వచ్చింది. బొద్దుపాపల ప్రకటనలు దాంతో ఆగాయి.

వీటన్నిటిలో నాకు తమాషాగా తోచేది కస్టర్డ్. బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి, గుడ్డు పడని తన భార్య కోసం 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడి కనిపెట్టాడు. గుడ్డు ముట్టని మన ఇళ్లకి అది సరిగ్గా అతికింది. బ్రౌన్ అండ్ పోల్సన్ డబ్బా తెచ్చి, పాలు కాచి, అరటిపండు, యాపిల్, దానిమ్మ గింజలు వేసి ‘ఫ్రూట్ సలాడ్’ అన్నారు. అల్లుడొస్తే, పుట్టినరోజైతే, గాజు గిన్నెల్లో. హైదరాబాద్ క్లబ్బుల్లో, గుడ్డు తినే ఇళ్లలో మాడిన పంచదార పాకంతో చేసే అసలు పుడ్డింగు ఉండనే ఉంది. మనం పుడ్డింగనుకున్నది ఈ పసుపు పాలనే. ఇంతకీ ఆ పొడిలో ఉండేదేమిటి? మొక్కజొన్న పిండి, రంగు, వాసన. మొక్కజొన్నే బళ్లో బీదవాళ్ల ఉప్మా అయింది, ఇంట్లో చుట్టాలకి పెట్టే తీపి అయింది. బళ్లో తిన్న సంగతి ఇంట్లో చెబితే పరువు తక్కువని దాచిన పిల్లలూ ఉన్నారు.

ఇప్పుడు కంపెనీలకి ఈ పాత రుచుల మీద బెంగ విలువ తెలిసింది. జనం అడిగారని పార్లే 2019లో రోలా కోలా బిళ్లల్ని తిరిగి తెచ్చింది. రిలయన్స్ 2023లో కాంపా కూల్‌డ్రింకుకి మళ్లీ ప్రాణం పోసింది. కొండాపూర్ సూపర్‌మార్కెట్లో మొక్కజొన్న రవ్వ కొని కేర్ ఉప్మా చేయబోతే మాత్రం కుదరదు. అందులో సోయా లేదు, పాలపొడి లేదు, ఆ పిండిని ముందే సగం ఉడికించేవాళ్లు కూడాను. 2003 జనవరి నుంచి ఉమ్మడి రాష్ట్రంలోని బళ్లలో అన్నం, పప్పు వండి పెట్టడం మొదలైంది. సీఎస్ఎంకి వారసులైన పిండ్లు ఆఫ్రికా శిబిరాలకి పోయాయి. డబ్బా మీద చేతులు కలిపిన గుర్తు వేసిన యూఎస్ఎయిడ్‌ని అమెరికా ప్రభుత్వం 2025 జులై 1న మూసేసింది.